కరోనరీ సీటీతో గుండె పంపింగ్ కొలవడం: స్కాన్ నుంచి రిపోర్టు దాకా

కరోనరీ సీటీ యాంజియో చేసేది ప్రధానంగా గుండె రక్తనాళాల్లో పూడికలు చూడటానికే. కానీ స్కాన్‌ను తగిన పద్ధతిలో తీస్తే ఎడమ జఠరిక ఎంత నిండుతోందో, ఎంత ఖాళీ అవుతోందో, ఏ గోడ కదలడం లేదో కూడా అదే డేటాలో దొరుకుతుంది. మరో సూది, మరో డోసు డై అవసరం ఉండదు. ఈ మార్గదర్శి సీటీ టెక్నాలజిస్టుల కోసం, రేడియాలజీ, కార్డియాలజీ నేర్చుకుంటున్న డాక్టర్ల కోసం. రిపోర్టు చేతిలో పట్టుకుని "పంపింగ్ 45 అంటే ఏమిటి" అని వెతుకుతున్న ఇంటివాళ్లకు చివరి రెండు భాగాలు పనికొస్తాయి.

పంపింగ్‌ను చెప్పే అంకె ఈఎఫ్ (ఎజెక్షన్ ఫ్రాక్షన్), అంటే జఠరికలో నిండిన రక్తంలో ఒక దెబ్బకు బయటికి వెళ్లే శాతం. సాఫ్ట్‌వేర్ తెర మీద చూపించే ఈ అంకె మూడు నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. జఠరిక పూర్తిగా నిండిన క్షణంగా, పూర్తిగా ముడుచుకున్న క్షణంగా వేటిని తీసుకున్నాం? జఠరిక పైఅంచు ఎక్కడ గీశాం? లోపలి పాపిల్లరీ కండరాలను (కవాటాన్ని పట్టి ఉంచే చిన్న కండరాలు) రక్తంతో పాటు లెక్కలో కలిపామా, విడదీశామా? ఈ మూడింటినీ మనిషి కంటితో సరిచూడకపోతే ఆ అంకెను రిపోర్టులో రాయకూడదు.

ఎవరికి చేయాలి, ఎవరికి అక్కర్లేదు

పంపింగ్ తెలుసుకోవడానికి మొదటి పరీక్ష ఎకోనే (గుండె అల్ట్రాసౌండ్). రేడియేషన్ లేదు, డై లేదు, మంచం దగ్గరికే తీసుకెళ్లి చేయవచ్చు. కేవలం ఈఎఫ్ కోసం ఎవరినీ సీటీకి పంపనక్కర్లేదు. సీటీ పంపింగ్ లెక్క ఉపయోగపడేది ప్రధానంగా మూడు సందర్భాల్లో. ఒకటి, రక్తనాళాల కోసం సీటీ ఎలాగూ తీస్తున్నప్పుడు. రెండు, లావు వల్లో, ఊపిరితిత్తుల జబ్బు వల్లో ఎకోలో గుండె గోడలు సరిగా కనబడనప్పుడు. మూడు, ఎంఆర్‌ఐ అవసరమైనా పేస్‌మేకర్ వల్లో, ఇరుకు గొట్టంలో ఉండలేని భయం వల్లో చేయలేనప్పుడు.

స్కాన్ పద్ధతి ముందే తేల్చుకోవాలి

పంపింగ్ చూడాలా వద్దా అన్నది రోగి బల్ల ఎక్కకముందే తేలిపోవాలి. కారణం సులువు. రేడియేషన్ తగ్గించడానికి ఇప్పుడు ఎక్కువగా వాడే ప్రాస్పెక్టివ్ గేటింగ్‌లో, గుండె కొట్టుకునే ఒక్కో చక్రంలో చిన్న ముక్కలోనే ఎక్స్‌రే వెలుగుతుంది. సాధారణంగా అది ఆర్-ఆర్ వ్యవధిలో (ఈసీజీలో ఒక ఆర్ తరంగం నుంచి తర్వాతి ఆర్ తరంగం దాకా) 70–75 శాతం చుట్టూ, గుండె దాదాపు నిశ్చలంగా ఉండే చోట ఉంటుంది. ఆ డేటాలో జఠరిక ముడుచుకున్న బొమ్మే లేదు కాబట్టి తర్వాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఈఎఫ్ రాదు.

పంపింగ్ కావాలంటే చక్రం మొత్తం డేటా ఉండాలి. అందుకు రెట్రోస్పెక్టివ్ గేటింగ్ (చక్రమంతా ఎక్స్‌రే వెలుగుతూ, కావలసిన దశలను తర్వాత ఏరుకునే పద్ధతి) వాడాలి, దాంతో పాటు ట్యూబ్ కరెంట్ మాడ్యులేషన్ తప్పకుండా ఆన్‌లో ఉంచాలి. రక్తనాళాలు చూసే దశలో పూర్తి కరెంట్, మిగతా దశల్లో అందులో 20 శాతమో, కొన్ని మెషీన్లలో 4 శాతమో వెళ్తుంది. ఆ తక్కువ డోసు బొమ్మలు గరుకుగా ఉంటాయి, వాటిలో సన్నని నాళాల్ని చదవలేం. కానీ డైతో తెల్లగా వెలిగే జఠరిక అంచు గీయడానికి సరిపోతాయి. మాడ్యులేషన్ లేకుండా చక్రమంతా పూర్తి కరెంట్‌తో తీస్తే డోసు 10 మిల్లీసీవర్ట్‌లు దాటిపోవచ్చు. పంపింగ్ అంకె ఒక్కదాని కోసం అంత డోసు ఇవ్వడం సమర్థనీయం కాదు. 16 సెంటీమీటర్ల వెడల్పు డిటెక్టర్ ఉన్న మెషీన్లలో బల్ల కదలకుండా ఒకే గుండె చప్పుడులో చక్రమంతా తీసే వీలుంది.

మెషీన్ వేగాన్ని కూడా గమనించాలి. ఒకే ట్యూబ్ ఉన్న స్కానర్ 0.35 సెకన్లలో ఒక చుట్టు తిరిగితే, ఒక్కో బొమ్మకు పట్టే సమయం అందులో సగం, అంటే దాదాపు 175 మిల్లీసెకన్లు. 0.25 సెకన్లకు తిరిగే రెండు ట్యూబుల మెషీన్‌లో అది 66 మిల్లీసెకన్లు. జఠరిక పూర్తిగా ముడుచుకుని ఆగే క్షణం చాలా చిన్నది. నెమ్మదైన మెషీన్ ఆ క్షణంతో పాటు దాని ముందువెనకలను కూడా కలిపి చూపిస్తుంది. దాంతో ముడుచుకున్నప్పటి పరిమాణం ఉన్నదానికన్నా ఎక్కువగా, ఈఎఫ్ ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది. గుండె వేగం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

రోగిని సిద్ధం చేయడం

క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకెలు) చూడకుండా డై ఎక్కించకూడదు. ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువ ఉంటే కిడ్నీ డాక్టరుతో మాట్లాడాలి, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే 48 గంటలు ఆపాలి. గతంలో డై పడక ఒళ్లు దద్దుర్లెక్కిందా, ఆయాసం వచ్చిందా, ఆస్తమా ఉందా, స్త్రీలైతే గర్భం ఉండే అవకాశం ఉందా అని రోగినే నేరుగా అడగాలి. ఫారంలో టిక్ పెట్టి ఉందని వదిలేయకూడదు.

గుండె వేగం నిమిషానికి 60–65 దగ్గరుంటే అన్నివిధాలా మేలు. సాధారణంగా డాక్టరు పర్యవేక్షణలో మెటోప్రొలాల్ 50 నుంచి 100 మి.గ్రా. మాత్ర స్కాన్‌కు గంట ముందు ఇస్తారు. అయినా తగ్గకపోతే ఈసీజీ, బీపీ చూస్తూ నరం ద్వారా 5 మి.గ్రా. చొప్పున ఇస్తారు. ఆస్తమా, గుండె బ్లాక్, పై బీపీ 100 కంటే తక్కువ ఉన్నవాళ్లకు ఇది తగదు.

పంపింగ్ అనుమానంగా ఉన్న రోగి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కాళ్ల వాపుతో, పడుకుంటే ఆయాసంతో, గుండె వైఫల్యం అదుపు తప్పి ఉన్న మనిషికి బొమ్మ బాగా రావాలని మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఎక్కించడం ప్రమాదం. ఆ గుండె వేగంగా కొట్టుకుంటున్నది రక్తం చాలినంత అందించడానికే. అలాంటప్పుడు గుండె వేగం తగ్గించే మరో మందు ఐవాబ్రాడిన్ గురించి కార్డియాలజిస్టును అడగాలి. అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (కర్ణికలు లయ తప్పి అదిరే జబ్బు) పనిచేయదు. అదీ కుదరకపోతే వేగాన్ని అలాగే ఒప్పుకుని స్కాన్ చేయాలి, లేదా రోగి కుదుటపడేదాకా వాయిదా వేయాలి.

నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే 0.4 నుంచి 0.8 మి.గ్రా. ఇస్తే నాళాలు విప్పారి బాగా కనబడతాయి. అంగస్తంభన మందుల్లో సిల్డెనాఫిల్ వాడి 24 గంటలు, టడలాఫిల్ వాడి 48 గంటలు కాకపోతే ఇవ్వకూడదు. ఇంటివాళ్ల ముందు ఈ ప్రశ్న అడిగితే చాలామంది నిజం చెప్పరు, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి.

ఈ మందులు పంపింగ్ లెక్కనూ కదిలిస్తాయి. బీటా బ్లాకర్ జఠరిక పరిమాణాన్ని కొద్దిగా పెంచి ఈఎఫ్‌ను కొద్దిగా తగ్గిస్తుంది. నైట్రేటు గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని తగ్గించి పరిమాణాలను కుదిస్తుంది. అందుకే ఏ మందు ఎంత ఇచ్చారో, స్కాన్ సమయంలో గుండె వేగం ఎంతో రిపోర్టులో రాయాలి.

డై ఎక్కించడం

కుడి మోచేతి మడతలో 18 గేజ్ కాన్యులా పెట్టాలి. మి.లీ.కు 350–370 మి.గ్రా. అయోడిన్ ఉన్న డై 60–80 మి.లీ., సెకనుకు 5 మి.లీ. వేగంతో పంపి, వెంటనే 40–50 మి.లీ. సెలైన్ తోయడం మామూలు పద్ధతి. దీనివల్ల ఎడమ జఠరిక తెల్లగా, కుడి జఠరిక ఖాళీగా కనబడతాయి. ఈఎఫ్ మాత్రమే కావాలంటే ఇది చాలు. గోడ మందం, కండరం బరువు కూడా కొలవాలంటే రెండు జఠరికల మధ్య గోడకు కుడివైపు అంచు తెలియాలి. అప్పుడు ఉత్త సెలైన్‌కు బదులు 30 శాతం డై, 70 శాతం సెలైన్ కలిపిన 50 మి.లీ. మిశ్రమం పంపితే కుడి జఠరిక లేతగా వెలుగుతుంది.

పంపింగ్ బాగా తగ్గిన గుండెలో డై ఆలస్యంగా చేరుతుంది. ఆరోహణ మహాధమనిలో డై తెలుపు 100–150 హౌన్స్‌ఫీల్డ్ (సీటీ తెలుపు కొలిచే యూనిట్లు) దాటగానే స్కాన్ మొదలయ్యేలా పెట్టే బోలస్ ట్రాకింగ్‌లో, ఇలాంటివాళ్లకు ఆ తెలుపు చూపే గీత చాలా నెమ్మదిగా లేస్తుంది. కంగారుపడి చేత్తో ముందే స్కాన్ మొదలెడితే ఎడమ జఠరికలో డై సగమే కలిసి ఉంటుంది. అప్పుడు అంచు ఎక్కడో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పాత ఎకోలో ఈఎఫ్ తక్కువని తెలిస్తే, ముందు 10–15 మి.లీ. డై టెస్ట్ బోలస్‌గా ఇచ్చి సమయం కొలుచుకోవడం మంచిది.

బొమ్మల పునర్నిర్మాణం

రక్తనాళాలకు 0.5–0.75 మి.మీ. సన్నని స్లైసులు వేరుగా తీసి పెట్టుకోండి. పంపింగ్‌కు వేరే సెట్టు కావాలి: 1.5–2 మి.మీ. మందం, మెత్తని కెర్నల్ (గరుకు తగ్గించే ఫిల్టర్), 0 నుంచి 90 శాతం దాకా 10 శాతానికొకటి చొప్పున పది దశలు. మెషీన్ ఓపికపడితే 5 శాతానికొకటి చొప్పున ఇరవై దశలు ఇంకా మేలు. నిమిషానికి 60 వేగంలో 10 శాతం అంటే 100 మిల్లీసెకన్లు, ముడుచుకున్న అసలు క్షణం రెండు దశల మధ్య జారిపోవచ్చు.

దశలు తీయకముందే ఈసీజీ పట్టీ చూడాలి. టీ తరంగాన్ని మెషీన్ ఆర్ అనుకుంటే శాతాలన్నీ తారుమారవుతాయి. మధ్యలో ఎక్టాపిక్ దెబ్బ (వేళకు ముందే పడే గుండె చప్పుడు) పడితే ఎడిటింగ్‌లో దాన్ని తీసేయాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో శాతాల బదులు ఆర్ నుంచి మిల్లీసెకన్లలో లెక్కించాలి. ఆ జబ్బులో ఒక్కో దెబ్బకు ఒక్కో పంపింగ్ ఉంటుంది కాబట్టి వచ్చిన ఈఎఫ్‌ను అంచనాగానే రాయాలి.

నిండిన క్షణం, ముడుచుకున్న క్షణం

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నాళాలు బాగా కనబడే 75 శాతం బొమ్మ డాక్టరు తెర మీద ముందే తెరిచి ఉంటుంది. దాన్నే నిండిన గుండెగా తీసుకుని కొలిచేస్తారు. కానీ 75 శాతం దగ్గర జఠరిక ఇంకా పూర్తిగా నిండలేదు. ఆ తర్వాత కర్ణిక ముడుచుకుని చివరి విడత రక్తాన్ని నెడుతుంది, అది మొత్తం నింపుడులో దాదాపు ఐదో వంతు నుంచి నాలుగో వంతు ఉంటుంది. అసలు నిండిన క్షణం 95–100 శాతం (100 అంటే తర్వాతి చక్రం 0) దగ్గర, ఆర్ తరంగం వద్ద, ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం మూసుకునే వేళ. ముడుచుకున్న క్షణం సాధారణంగా 30–40 శాతం మధ్య, మైట్రల్ కవాటం తెరుచుకోబోయే ముందు.

అంకెల్లో చూస్తే తేడా ఎంతో అర్థమవుతుంది. నిండినప్పుడు 150 మి.లీ., ముడుచుకున్నప్పుడు 66 మి.లీ. అయితే బయటికి వెళ్లింది 84 మి.లీ., ఈఎఫ్ 56 శాతం. అదే గుండెలో 75 శాతం బొమ్మ తీసుకుంటే నిండిన పరిమాణం 135 మి.లీ. వచ్చిందనుకోండి. బయటికి వెళ్లింది 69 మి.లీ.గా, ఈఎఫ్ 51గా వస్తుంది. గుండె మారలేదు, మనం ఎంచుకున్న బొమ్మ మారింది.

అందుకే మెషీన్ మీద రాసిన శాతాన్ని నమ్మకుండా, మధ్య భాగంలో ఒక షార్ట్ యాక్సిస్ స్లైసు (జఠరికను గుండ్రంగా చూపే అడ్డకోత) పెట్టి దశలన్నీ సినిమాలా తిప్పి చూడండి. గది అన్నిటికన్నా పెద్దగా ఉన్నది నిండిన దశ, అన్నిటికన్నా చిన్నగా ఉన్నది ముడుచుకున్న దశ. లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (ఎడమ జఠరికకు విద్యుత్ సంకేతం ఆలస్యంగా చేరే లోపం) ఉన్నవారిలో గోడలు ఒకేసారి ముడుచుకోవు, అక్కడ ఒక్క స్లైసుతో కాకుండా గది మొత్తాన్ని చూసి తేల్చాలి.

అక్షాలు, అంచులు

ముందు ఒంటి అడ్డకోత బొమ్మలో మైట్రల్ కవాటం మధ్య నుంచి శిఖరం (జఠరిక కింది కొన) దాకా గీత వేసి రెండు గదుల బొమ్మ తీయాలి. అందులో మళ్లీ కవాటం మధ్య నుంచి శిఖరానికి గీత వేసి, దానికి లంబంగా కోస్తే షార్ట్ యాక్సిస్ వస్తుంది. ఈ గీత కొద్దిగా పక్కకు పోయినా గుండ్రంగా ఉండాల్సిన గది కోడిగుడ్డులా వస్తుంది, శిఖరం తెగిపోతుంది. కవాటం నుంచి శిఖరం దాకా ఖాళీ లేకుండా 8 మి.మీ. మందం స్లైసులు వేసి, ఒక్కో స్లైసులో లోపలి అంచు గీసి, వైశాల్యాన్ని మందంతో హెచ్చించి అన్నీ కూడితే పరిమాణం వస్తుంది. సింప్సన్ పద్ధతి అంటే ఇదే. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు డై తెలుపును బట్టి గదిని వాటంతటవే పట్టుకుంటాయి, అయినా కిందివి సరిచూడక తప్పదు.

మొదటిది, పైఅంచు. గుండె ముడుచుకునేటప్పుడు మైట్రల్ వలయం శిఖరం వైపు సెంటీమీటరుకు పైగా దిగుతుంది. నిండిన దశలో జఠరికలో ఉన్న స్లైసు ముడుచుకున్న దశలో కర్ణికలో పడుతుంది. దాన్ని తీసేయకపోతే కర్ణిక రక్తాన్ని జఠరికదిగా లెక్కిస్తాం. నాలుగు సెంటీమీటర్ల వ్యాసం, 8 మి.మీ. మందం ఉన్న ఒక్క స్లైసు సుమారు 10 మి.లీ. పై ఉదాహరణలో 66 కాస్తా 76 అయితే ఈఎఫ్ 56 నుంచి 49కి పడిపోతుంది. మామూలు గుండె కాస్తా జబ్బు గుండెగా మారడానికి ఒక స్లైసు చాలు. దీనికి మందు ఒకటే: రెండు దశల్లోనూ రెండు గదుల, నాలుగు గదుల బొమ్మలు పక్కన తెరిచి, వలయం గీతను చేత్తో విడివిడిగా పెట్టడం. మహాధమని కవాటం దాకా ఉన్న దారి మాత్రం జఠరికలో భాగమే, దాన్ని కోసేయకూడదు.

రెండోది, పాపిల్లరీ కండరాలు. చేత్తో గీసేటప్పుడు వాటిని రక్తంతో కలిపేయడం తేలిక. తెలుపును బట్టి పట్టే సాఫ్ట్‌వేర్ వాటిని విడదీస్తుంది, అప్పుడు పరిమాణాలు చిన్నవిగా, ఈఎఫ్ కాస్త ఎక్కువగా వస్తాయి. రెండూ చెల్లుతాయి, కానీ నిండిన దశలో ఒకలా, ముడుచుకున్న దశలో ఇంకోలా చేస్తే చెల్లదు. ఏ పద్ధతో రిపోర్టులో ఒక వాక్యం రాయండి.

మూడోది, పేస్‌మేకర్ తీగ. దాని మెరుపును సాఫ్ట్‌వేర్ డై అనుకుంటుంది. తీగ దగ్గరి అంచులు చేత్తో దిద్దాలి.

అంకె వచ్చాక ఒక పరీక్ష: బయటికి వెళ్లిన పరిమాణాన్ని గుండె వేగంతో హెచ్చించండి. 84 మి.లీ.ను 65తో హెచ్చిస్తే నిమిషానికి సుమారు 5.5 లీటర్లు, నమ్మదగిన అంకె. హాయిగా కూర్చుని మాట్లాడుతున్న మనిషికి రెండు లీటర్లు వస్తే అంచుల్లో ఎక్కడో తప్పుంది. కుడి జఠరికలో డై బాగుంటే దాన్నీ కొలవండి. కవాటాల లీకు, గుండెలో రంధ్రం లేనప్పుడు రెండు జఠరికలూ దెబ్బకు దాదాపు ఒకే పరిమాణం పంపాలి.

గోడల కదలిక, నాళాల పటం

ఎకో కంటే సీటీ ఒక అడుగు ముందుండేది ఇక్కడ, ఎందుకంటే పూడికా, దాని ప్రభావమూ ఒకే డేటాలో ఉంటాయి. 2002లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చిన 17 భాగాల నమూనా ప్రకారం గోడను విభజించాలి. సాధారణంగా 1, 2, 7, 8, 13, 14, 17 భాగాలకు ఎల్‌ఏడీ (గుండె ముందువైపు దిగే ఎడమ నాళం), 3, 4, 9, 10, 15కు కుడి నాళం, 5, 6, 11, 12, 16కు సర్కమ్‌ఫ్లెక్స్ (పక్కకు చుట్టి వెళ్లే ఎడమ నాళం) రక్తం ఇస్తాయి. మనిషికీ మనిషికీ ఈ పంపకం మారుతుంది, మీ బొమ్మలో నాళం ఎంతదూరం పోయిందో చూసుకుని అన్వయించాలి.

ప్రతి భాగానికీ కదలిక రాయండి: మామూలు, తగ్గింది, అసలు లేదు, ఎదురు దిశలో ఉబ్బుతోంది. కదలికతో పాటు గోడ మందపడుతోందా అని కూడా చూడాలి. బైపాస్ ఆపరేషన్ అయినవారిలో, పేస్‌మేకర్ ఉన్నవారిలో మధ్య గోడ వింతగా ఊగుతుంది, కానీ చక్కగా మందపడుతుంది. అది గుండెపోటు మచ్చ కాదు. నిండిన దశలో మామూలు గోడ 6–10 మి.మీ. ఉంటుంది. అంతకన్నా సన్నబడి, కదలకుండా, లోపల కొవ్వు నల్లగా కనబడితే పాత మచ్చ. అలాంటి శిఖరంలో డై చేరని ముద్ద ఉంటే రక్తపు గడ్డ కావచ్చు, ఆ సంగతి రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాలి.

నాళాలు శుభ్రంగా ఉండి గోడలన్నీ నీరసంగా కదులుతుంటే కండరం జబ్బు గురించి ఆలోచించాలి. ఒకే నాళం ఇలాకాకు మించి శిఖరం చుట్టూ అన్నివైపులా ఉబ్బి, కవాటం వైపు మొదలు గట్టిగా ముడుచుకుంటుంటే టకొట్సుబో (తీవ్ర ఒత్తిడి తర్వాత వచ్చే తాత్కాలిక గుండె కండర జబ్బు) గుర్తుకు రావాలి. కదలని గోడ బతికి ఉందా లేదా అన్నది విశ్రాంతిలో తీసిన సీటీ కదలిక ఒక్కటే చెప్పలేదు. దానికి గ్యాడోలినియంతో ఎంఆర్‌ఐ, డోబుటమిన్ ఎకో, న్యూక్లియర్ స్కాన్ వంటివి ఉన్నాయి.

క్యాథ్‌ల్యాబ్ యాంజియోలో చూసే పంపింగ్

"యాంజియో చేసినప్పుడే పంపింగ్ చూశాం" అని డాక్టరు చెబితే అది ఎల్వీ యాంజియో, అంటే క్యాథెటర్ గొట్టంతో ఎడమ జఠరికలోకి నేరుగా డై పంపి ఎక్స్‌రే తీయడం. పిగ్‌టెయిల్ క్యాథెటర్‌ను ఎడమ జఠరికలో పెట్టి, 30 డిగ్రీల కుడి వాలులో, 30–40 మి.లీ. డైని సెకనుకు 10–14 మి.లీ. చొప్పున ఇంజెక్టర్‌తో పంపి తీస్తారు. ఆ వాలులో ముందు గోడ, శిఖరం, కింది గోడ కనబడతాయి. మధ్య గోడ, పక్క గోడ కావాలంటే 60 డిగ్రీల ఎడమ వాలు కావాలి. డై వేగానికి ఎక్టాపిక్ దెబ్బలు పడితే ఆ దెబ్బా, దాని వెంటనే వచ్చే బలమైన దెబ్బా లెక్కకు పనికిరావు. ఇది నీడ బొమ్మ, పరిమాణం అంచనాతో వస్తుంది. దీని ప్రత్యేక లాభం జఠరిక లోపలి పీడనం నేరుగా తెలియడం. గదిలో గడ్డ ఉన్నా, ఆ పీడనం బాగా పెరిగినా, కిడ్నీ బలహీనంగా ఉన్నా దీన్ని వదిలేసి ఎకో మీద ఆధారపడాలి.

రిపోర్టులో ఏముండాలి, ఎలా చదవాలి

నిండిన, ముడుచుకున్న పరిమాణాలు, శరీర వైశాల్యానికి సరిచేసిన విలువలు, ఈఎఫ్, గుండె వేగం, లయ, ఇచ్చిన మందులు, పాపిల్లరీ పద్ధతి, భాగాలవారీ కదలిక, డోసు. వీటిలో ఏది లేకపోయినా తర్వాతి పరీక్షతో పోల్చడం కష్టం.

ఇంటివాళ్లు తరచుగా భయపడే సంగతి ఒకటుంది. పంపింగ్ 60 శాతం అంటే మిగతా 40 శాతం గుండె పాడైందని కాదు. ఏ ఆరోగ్యవంతుడి గుండె కూడా లోపలి రక్తం మొత్తాన్ని ఒక దెబ్బకు ఖాళీ చేయదు. ఎకో ప్రమాణాల్లో మగవాళ్లకు 52–72, ఆడవాళ్లకు 54–74 మామూలు. గుండె వైఫల్యం ఉన్నవారిలో 40, అంతకన్నా తక్కువైతే తగ్గిన పంపింగ్, 41–49 స్వల్పంగా తగ్గినది, 50, ఆపైన నిలిచి ఉన్నదని వర్గీకరిస్తారు. ఆయాసం ఉండి ఈఎఫ్ 55 వచ్చినంత మాత్రాన గుండె వైఫల్యం లేదని అనుకోకూడదు. మైట్రల్ కవాటం బాగా లీకయ్యేవారిలో ఈఎఫ్ బాగున్నట్టే కనబడుతుంది, కానీ ఆ రక్తంలో కొంత వెనక్కి కర్ణికలోకి పోతుంటుంది.

35, అంతకన్నా తక్కువ వస్తే ఐసీడీ (ప్రమాదకరమైన లయను షాక్‌తో సరిచేసే పరికరం) అమర్చాలా అనే చర్చ వస్తుంది. గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు ఆగి, సరైన మందులు మూడు నెలలు వాడాక మళ్లీ కొలిచి ఆ నిర్ణయం తీసుకుంటారు, ఎందుకంటే మొద్దుబారిన కండరం ఈలోగా తేరుకోవచ్చు. ఆ రెండో కొలత మొదటి పద్ధతిలోనే ఉండాలి. మొదట సీటీలో 38, తర్వాత ఎకోలో 43 వస్తే గుండె మెరుగైందని చెప్పడానికి అది చాలదు. ఎకో పరిమాణాలు సీటీ, ఎంఆర్‌ఐ పరిమాణాల కన్నా సాధారణంగా తక్కువగా వస్తాయి, పైగా ఐదు అంకెల తేడా ఒకే గుండెను ఇద్దరు కొలిచినా రావచ్చు. మళ్లీ మళ్లీ చూడాల్సిన రోగికి మొదటి సీటీ జరిగిన వారంలోనే ఒక ఎకో చేయించి పక్కన పెట్టుకుంటే, ఆ తర్వాత ఎకోతోనే కొనసాగవచ్చు.